ఇంటిమాట – బడిచదువు



నేడు నేను తమకు విన్నవింపదలచినది చిన్నపిల్లల చదువును గూర్చి. అందునను పెద్దచదువులు గావు. పలక పట్టిన నాటినుండి మూడవ తరగతి ముగియువరకు గల చదువును, వ్రాతను గూర్చి మాత్రమే. ఇది పంతుళ్ల పని గదా, మాకేల యని తాము తలంపవచ్చును. ఇందు పంతులు చేయగలిగినది సగమే. తక్కిన సగము గ్రామపెద్దల చేతిలో నున్నదని నా యనుభవము. అది యెట్లో చివర మనవి చేసెదను.

మా ఇచ్చోడ హైదరాబాదునుండి నాగపురమునకు బోవు పెద్దబాటమీద నున్న యూరు. అంగడినాడు ఒక గడియసేపు నిలిచి చెవియొగ్గిన చాలును; తెలుగు, గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ వినబడును. బేరములు అన్ని భాషలలోను సాగును. కాని ఆ యంగడికి వచ్చిన తలిదండ్రుల బిడ్డలు మరునాడు బడిలో గూర్చున్నప్పుడు, అచట పుస్తకముననున్న భాష యొక్కటియే వినబడును. చిక్కంతయు నిచ్చటనే పుట్టుచున్నది.

బడికి వచ్చు బిడ్డలు మూడు విధములవారు. తెలుగు తప్ప మరొక భాష యెరుగనివారు మొదటివారు. ఇంట గోండీయో లంబాడీయో మాటాడుచు, వాడలోను బాటమీదను తెలుగు విని కొంత పట్టుబడినవారు రెండవవారు. గుట్టలమీది గూడెములనుండి వచ్చి, ఇంటిభాష తప్ప వేరొక మాట చెవిని బడనివారు మూడవవారు. ముగ్గురును ఒకే చాపమీద గూర్చుందురు. ముగ్గురి చేతను ఒకే వాచకము ఉండును. ముగ్గురికిని పంతులు ఒకే పాఠము ఒకే మాటలతో జెప్పును. ఏడాది తిరిగినపిదప మొదటివాడు తెలివిగలవాడనియు, మూడవవాడు మందమతి యనియు తీర్పు చెప్పును. ఇట్టి తీర్పులు నేనును అనేకము చెప్పియున్నాను. అందుచేతనే యీ మాట చెప్పుటకు నాకు అధికారము గలదు.

ఒక పల్లెబడిలో నేను పనిచేయు కాలమున మూడవ తరగతిలో ఒక గోండు బాలుడుండెను. చక్కని కంఠము. వాచకము తెరచి యే పుట యిచ్చినను తడబడక చదివెడివాడు. దస్తూరియు ముత్యములవలె నుండెడిది. వచ్చినవారికెల్ల ఆ బాలునిచేతనే చదివించి నేను మురియుచుండెడివాడను. ఒకనాడు పాఠములో బావిలో నీరు నిండుగా నున్నదని యొక వాక్యము వచ్చినది. చదివించి, "నాయనా, బావిలో ఏమున్నది?" అని యడిగితిని. వాడు ఆ పంక్తిమీద వ్రేలు పెట్టి మరల స్పష్టముగా జదివెను. మరల నడిగితిని, మరల జదివెను. ఎగతాళి చేయుచున్నాడని గద్దించితిని. ప్రక్కనున్న బాలిక తల్లితో అంగడికి దిరుగునది గాన రెండుభాషలు నెరుగును. ఆమె వానిచెవిలో గోండీలో ఆ ప్రశ్నయే యడిగెను. వెంటనే వాడు నవ్వి, "ఏర్!" అనెను. ఏర్ అనగా గోండీలో నీరు.

మూడేండ్లు నేనా బాలునకు చదువు చెప్పితిననుకొంటిని. వానికి వచ్చినది అక్షరమును జూచి ధ్వని పలుకుట మాత్రమే. ఆ ధ్వనికి వెనుక నీరు గలదని వాని కెవ్వరును జెప్పలేదు. మరునాటినుండి తరగతిలోని పిల్లల నొక్కొక్కరినే పిలిచి పరీక్షించితిని. నేను మంచి చదువరులని లెక్కించినవారిలో కొందరు ఇట్టివారే యని తేలినది.

అప్పుడు నాకు మరియొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. వాడు కొలాము బిడ్డ. రెండవ తరగతిలోనే బడి మానెను. వాని పేరున కెదురుగా హాజరుపట్టీలో మందబుద్ధి యని నా చేతితోనే వ్రాసియుంటిని. వాని గూడెమునకు బోయితిని. వాని తాత నన్ను కూర్చుండబెట్టి, గంజినీరిచ్చి, మెల్లగా నొకమాట చెప్పెను: "సారూ, మా పోరడు ఇంట్ల ఊకె ముచ్చట పెడ్తడు. మీ బడికస్తెనే మూగోడైతడు." బాలుడప్పటికే పశువులవెంట దిరుగుచుండెను. నేనెంత పిలిచినను మరల రాలేదు. హాజరుపట్టీలోని ఆ మాటను కొట్టివేయగలిగితిని గాని, పోయిన రెండేండ్లను తెచ్చి యీయలేకపోతిని.

నాకు కలిగిన జ్ఞానోదయము కొత్తది గాదు. నా చదువులోనే యున్నది, నేను గమనింపలేదు. చిన్నతనమున మా గురువుగారు నాకు అమరకోశము వల్లె వేయించిరి. తరువాత కావ్యపాఠము మొదలైనది. శ్లోకము చదివి, పదవిభాగము చేసి, అన్వయము చెప్పి, ప్రతిపదమునకు తెలుగున టీక చెప్పెడివారు. సంస్కృతము నాకు తెలుగు ద్వారముననే లోనికి వచ్చినది. ఆ తెలుగు టీక లేకున్నయెడల శ్లోకము నాకు వట్టి నాదమై యుండెడిది. నా గురువు నాకు జేసిన యుపకారమును నేనా గోండు బాలునకు జేయనైతిని. టీక లేని శ్లోకమును మూడేండ్లు వానిచే వల్లె వేయించితిని. వానికి టీక కావలసిన భాష గోండీ. అది వాని నోటనే యున్నది. నేను దానిని గుమ్మము బయట విడిచి రమ్మంటిని.

ఈ సంగతి మన జిల్లాలో నాకంటె ముందే గుర్తించినవారు గలరు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము మరణించిన తరువాత, గోండుల స్థితిగతులను దెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. అతడు మార్లవాయి గ్రామమున కాపురముండి, 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పించెను. నాటి ప్రభుత్వభాష ఉర్దూ. అయినను గోండు బిడ్డకు మొదటి పుస్తకము గోండీలోనే యుండవలెనని నాగరిలిపిలో వాచకములు సిద్ధపరచిరి. గోండు యువకులే పంతుళ్లై గోండు పిల్లలకు జదువు చెప్పిరి. మార్లవాయి నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది.

అంతకుముందే, తూర్పున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవరపిల్లలకు బడి నడపిరి. 1931లో సవరవ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. నావంటి గ్రాంథికవాదులు తెలుగు వ్రాతభాష విషయమున రామమూర్తిగారితో ఎంత విభేదించినను, ఈ యొక్క విషయమున వారికి నమస్కరింపవలసినదే. బిడ్డ నోటిమాటనుండి చదువు మొదలు కావలెననిన సత్యమునకు వారు సవరకొండలలో నిదర్శనము చూపిరి.

తరువాత చట్టములును వచ్చినవి. 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చిరి. అల్పసంఖ్యాకభాషల వారి పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధించు సదుపాయములు కల్పింపవలెనని దాని భావము. 2009 నాటి విద్యాహక్కు చట్టమును సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన యుండవలెననినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఆ మాటనే బలపరచినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో గోండీ, కొలామీ, కోయ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసి ఒరియా అను ఎనిమిది భాషలలో తెలుగులిపితోనే వాచకములు వ్రాయించి కొన్ని బడులలో బోధన ప్రారంభించిరి. కాగితముమీద కొరత లేదు. కొరత యున్నది తరగతి గదిలో.

ఇక పని యెట్లు చేయవలెనో చెప్పెదను. ఇది నేను తప్పులు చేసి దిద్దుకొనుచు నేర్చినది.

మొట్టమొదట పంతులు ఏ బిడ్డకు ఏ భాష యెంత వచ్చునో తెలిసికొనవలెను. పేరు, తండ్రిపేరు వ్రాసికొను దినముననే ఇంటిభాషయు వ్రాసికొనవలెను. కూర్చో, లే, తలుపు తీయి, పలక తెమ్ము అని తెలుగున జెప్పి చూచిన, ఎవరు మాట విని చేయుదురో, ఎవరు ప్రక్కవానిని జూచి చేయుదురో పావుగంటలో దెలియును.

రెండవది, మొదటి మాసములలో అక్షరములకు దొందర పడరాదు. కథలు, పాటలు, పొడుపుకథలు ఇంటిభాషలోనే జరుగవలెను. పిదప మొదటగా వ్రాయు మాటలు బిడ్డ యింటిమాటలే కావలెను. గోండు బిడ్డకు పలకమీద ఏర్ అని వ్రాసి నీటికుండ చూపవలెను. రోన్ అని వ్రాసి యిల్లు చూపవలెను. కొలాము బిడ్డకు ఈర్ అనగా నీరు. ఎల్లా అనగా ఇల్లు. లంబాడీ బిడ్డకు పాణీ, ఘర్. అక్షరములు మన తెలుగు అక్షరములే. మాట వాని యింటిది. తాను పలుకు మాట పలకమీద గనబడగానే వ్రాతయన నేమో బిడ్డకు దెలిసిపోవును. ఆ రహస్యము ఏ భాషలో దెలిసినను ఒక్కసారి తెలిసిన జాలును. రెండవ భాషకు మరల మొదటినుండి నేర్పనక్కరలేదు.

ఇచ్చట పంతుళ్లు గమనింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. తెలుగు మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. అల, వల, ఆట, పాట. అందుచేత మన వాచకములలో పొల్లుహల్లు ఆలస్యముగా వచ్చును. ఏర్, రోన్, ఈర్ అను మాటలు హల్లుతో ముగియుచున్నవి. కాబట్టి గోండు, కొలాము బిడ్డలకు పొల్లు మొదటి మాసముననే కావలెను. కై అనగా చేయి, నై అనగా కుక్క. గోండు బిడ్డకు ఐత్వము తొలిపాఠముననే వచ్చును. ఖ, ఘ, ఛ, ఝ అను వత్తక్షరములు వానికి కొంతకాలము అక్కరలేదు. లంబాడీ బిడ్డకు మాత్రము ఘర్ అని వ్రాయుటకు ఘకారము ముందే కావలెను. అందరికిని అకారాదిగా ఒకే వరుస నేర్పుట నాకును చిన్ననాట అలవడిన పద్ధతియే. కాని వరుస అక్షరములకోసము గాదు, బిడ్డకోసము.

మూడవది, తెలుగును మాటగా ముందు నేర్పవలెను, అక్షరముగా తరువాత. వస్తువును జూపి, పని చేయించి, ఆట ఆడించి దినమునకు అరగంట తెలుగు పలికింపవలెను. ఈ భాషలు చాలవరకు చుట్టములే గాన సాయము చేయును. తెలుగున చెవి, గోండీలో కెవి. మన నీరు, కొలామీలో ఈర్. మన యిల్లు, వారి ఎల్లా. గోండీయు కొలామీయు తెలుగువలెనే ద్రావిడభాషలు. ఈ పోలిక చూపినప్పుడు పిల్లలు నవ్వుచు తామే మరికొన్ని వెదకి తెత్తురు. లంబాడీ వేరొక కుటుంబమునకు జెందినది. దానికి మరాఠీ, హిందీలు దగ్గర. మరాఠీ నెరిగిన పిల్లవాని చేత ఆ పోలికలు చెప్పింపవచ్చును. రెండవ యేట తెలుగు మాటలు, మూడవ యేట తెలుగు వాక్యములు, కథలు. ఇట్లు వచ్చిన బిడ్డ నాలుగవ తరగతికి బోవునప్పుడు చదివినదానిని అర్థము చేసికొని చదువును.

నాలుగవది, రెండుభాషలు వచ్చిన బిడ్డను తరగతికి కానుకగా నెంచవలెను. నా కన్నులు తెరిపించినది అట్టి బాలికయే. వారిని ఇంటిభాష మాత్రమే వచ్చినవారి ప్రక్కన గూర్చుండబెట్టవలెను. అయితే పంతులు పనియంతయు వారిపై వేయరాదు. వారును నేర్చుకొనుటకు వచ్చిన పిల్లలే.

తెలుగు బిడ్డకు ఈ చిక్కు లేదనుకొనరాదు. మనవైపు బిడ్డ యింట "అచ్చిండు" అనును. పుస్తకమున "వచ్చాడు" అని యుండును. వాడు చదువుచు "అచ్చిండు" అన్నప్పుడు పంతులు కొట్టుచున్నాడు. ఆ బిడ్డ చదివినది తప్పు గాదు. అర్థము చేసికొని తన మాటలోనికి మార్చుకొన్నాడు. గోండు బాలుడు తప్పులేక చదివి యేమియు దెలియకుండెను. ఈ బాలుడు తప్పుగా జదివి సర్వము దెలిసికొనెను. ఎవనికి చదువు వచ్చినట్లు?

ఇప్పుడు పెద్దలు నాతో చెప్పు ఆక్షేపణ యొకటి గలదు. "అయ్యా, గోండీ మా యింటనే యున్నది. దానికొరకు బడి యేల? తెలుగు, ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగము వచ్చును." ఈ మాటలో బిడ్డ మేలుకోరు ప్రేమ యున్నది, దానిని నేను తేలికచేయను. 2022-23 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రపు ప్రభుత్వ బడులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టిరి. పిల్లల పుస్తకములు ఒకప్రక్క తెలుగును ఒకప్రక్క ఆంగ్లమును గలవిగా ముద్రించిరి. తెలుగు బిడ్డకు ఒక పుట టీకగా నుపయోగపడును. గుట్టమీది గూడెపు బిడ్డకు రెండు పుటలును శ్లోకములే; టీక యే పుటలోను లేదు. తెలుగును ఇంగ్లీషును రాకూడదని నేననుట లేదు, రావలెననియే చెప్పుచున్నాను. ఏరు దాటవలసినవానికి ఇవతలి గట్టున కాలు నిలుపుకొనుటకు జాగా కావలెను. ఇంటిభాష ఆ గట్టు.

మరికొందరు, గోండీకి లిపి లేదు, అది చదువు భాష యెట్లగునందురు. నార్నూరు మండలమున గుంజాల గ్రామమందలి గోండుల యిండ్లలో, గోండీకే ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు దొరకినవి. 2018లో ఆ గుంజాల గోండీ లిపి యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షరపట్టికలో స్థానము పొందినది. 2011 జనగణనలో దేశమున 29 లక్షలకు పైగా జనులు గోండీని మాతృభాషగా వ్రాయించిరి. అట్టి భాష బడి గుమ్మమున సిగ్గుపడి నిలువవలసిన పని లేదు. బిడ్డ మొదట ఏ లిపిలో వ్రాయవలెనను దానిపై పండితులు తర్కింపవచ్చును. తెలుగు నేర్వవలసిన బిడ్డకు తెలుగు అక్షరములే రెండు పనులకు వచ్చునని నా యభిప్రాయము.

పంతుళ్లందరికి గోండీ, కొలామీ రావు. బదిలీలపై వచ్చినవారికి ఊరి పేరులే కొత్త. ఇచ్చటనే పెద్దల సాయము కావలెనని మొదట మనవి చేసితిని. మూడు పనులు కోరుచున్నాను. మూడింటికిని రూపాయి ఖర్చు లేదు.

ఒకటి: వారమునకు ఒక దినము, మీలో ఒకరు బడికి వచ్చి చిన్నతరగతి పిల్లలకు మీ భాషలో ఒక కథ చెప్పుడు. నాగోబా కథ కావచ్చును, అడవిలో పులినిజూచిన కథ కావచ్చును. పంతులు ఆ కథలోని అయిదు మాటలు తెలుగు అక్షరములతో నల్లబల్లపై వ్రాయును. ఆనాటికి అదియే పాఠము. నేను పనిచేసిన చివరి బడిలో ఒక వృద్ధురాలు ఇట్లు వచ్చుచుండెడిది. ఆమె అక్షర మెరుగదు. ఆమె వచ్చు దినమున ఒక్క బిడ్డయు బడి మానెడివాడు గాడు.

రెండు: బిడ్డ యింటికి వచ్చినప్పుడు "ఏమి చదివితివి?" అని యడిగి పుస్తకము చదివించి ఊరకుండకుడు. "అందేమున్నది? మన మాటలో చెప్పు" అని యడుగుడు. చెప్పగలిగిన చదువు వచ్చినట్లు. చెప్పలేకున్న బిడ్డను గద్దింపకుడు; మరునాడు పంతులను అడుగుడు. నా పిల్లలలో ఏ యొక్కని తండ్రియైనను నన్నీ ప్రశ్న ముందే యడిగియున్న, మూడేండ్లు నాకు కన్ను గప్పియుండెడిది గాదు.

మూడు: బడిలో ఇంటిభాష మాటాడిన బిడ్డను దండించు పంతులు ఎచ్చటనైన నున్నయెడల, మర్యాదతో బోయి, అది వలదని చెప్పుడు. ఆ దెబ్బ భాషకు గాదు. బిడ్డ తల్లికి తగులుచున్నది.

ఆ కొలాము బాలుడు ఇప్పుడు గృహస్థుడు. ఆ మధ్య అంగడిలో నాకెదురుపడి దండము పెట్టెను. ప్రక్కన వాని కుమారుడు, అయిదేండ్లవాడు. బడికి పంపుచున్నావా యని యడిగితిని. "పంపుత సారు. గని ఆడ మా మాట సమజైతదా?" అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము నేను విశ్రాంతి తీసికొన్నవాడను ఒక్కడనే చెప్పజాలను. మీరును మీ యూరి పంతులును కలిసి చెప్పవలెను. వచ్చు జూనునెలలో బడి తెరచునాటికి ఆ బాలునివంటివారు ప్రతి గూడెమునుండియు వచ్చి చాపమీద గూర్చుందురు. వారి నోటిమాటను వారితోకూడ లోనికి రానిండు.